తారు రోడ్డుపై కొండ సైకిలు

విశాఖపట్నం ఆర్కే బీచ్‌లో తెల్లవారుజామున కనిపించే సైకిళ్లను రెండు రకాలుగా విడదీయొచ్చు. మొదటివి ఎప్పుడూ రోడ్డు మీదే ఉన్నవి. వెనుక క్యారియర్‌కు పాలక్యానో, చేపల గంపో, టిఫిన్ గిన్నెలో కట్టుకుని పోయే నల్లటి పాత సైకిళ్లు. రెండోవి ముప్పయ్యేళ్లపాటు మాయమై ఈమధ్యే తిరిగొచ్చినవి. లావుపాటి గుబ్బల టైర్లు, ముందు చక్రానికి స్ప్రింగుల ఫోర్కు, హ్యాండిల్‌కు రెండు వైపులా గేర్ల మీటలు. వాటి మీద ఉండేది నలభై, యాభై దాటినవారు: బ్యాంకు అధికారులు, అధ్యాపకులు, ఉక్కు కర్మాగారం ఉద్యోగులు, బరువు తగ్గాల్సిందేనని డాక్టరు గట్టిగా చెప్పి పంపినవారు. కాలేజీకి సైకిలు మీద వెళ్లి, ఉద్యోగం రాగానే స్కూటరు, ఆపైన కారు ఎక్కేసిన తరం ఇది. నేనూ ఆ తరంవాడినే.

తిరిగొచ్చిన ఈ తరానికి దొరికిన వాహనం పేరు మౌంటెన్ బైక్. 1970ల్లో అమెరికాలో, కాలిఫోర్నియాలోని మెరిన్ కౌంటీ కొండల్లో కొందరు కుర్రాళ్లు పాత బెలూన్ టైర్ల సైకిళ్లను మట్టి దారుల్లో పైనుంచి కిందికి దౌడు తీయించేవారు. విరిగినచోటల్లా మరింత గట్టి భాగాలు బిగిస్తూ పోగా తయారైందే ఈ రూపం. 1980ల మొదట్లో ఫ్యాక్టరీలకెక్కి ప్రపంచమంతా పాకింది. ఇప్పుడు మన ఊళ్లలో ఏ దుకాణానికెళ్లి గేర్ల సైకిలు కావాలన్నా ముందు చూపించేది దీన్నే. కొన్నవారిలో ఎక్కువమంది జన్మలో కొండదారి తొక్కరు. దాని బతుకంతా తారు రోడ్డు మీదే.

సైకిలు పండితులు దీన్ని ఒప్పుకోరు. వాళ్ల వాదన తీసిపారేసేదీ కాదు. సాధారణ రకం మౌంటెన్ బైకు బరువు 15 కిలోలకు అటూఇటూ ఉంటుంది. రోడ్డు పందేల సైకిలుకు టైరు వెడల్పు అంగుళం ఉంటే దీనికి రెండు అంగుళాలు. గుబ్బలు తారుకు అంటుకుని రొద చేస్తూ మన శక్తిని మింగేస్తాయి. ముందు ఫోర్కు గోతులకే కాదు, మన తొక్కుడుకు కూడా ఊగుతుంది. కాలితో వేసిన బలంలో కొంత చక్రానికి చేరకుండా స్ప్రింగులకే ఖర్చయిపోతుంది. నిటారుగా కూర్చోవడంతో ఛాతీ గాలికి అడ్డంగా నిలుస్తుంది. వేగం గంటకు 20 కిలోమీటర్లు దాటాక మన కష్టంలో ఎక్కువ భాగం గాలిని తోసుకుపోవడానికే సరిపోతుంది.

ఇన్ని లోపాలున్నా తిరిగొచ్చినవాడికి మన రోడ్ల మీద ఇదే సరైన సైకిలు అనడానికి కారణముంది. అది తెలియాలంటే విశాఖ నుంచి భీమిలి దాకా సముద్రం వెంట పాతిక కిలోమీటర్ల పైచిలుకు తొక్కి చూడాలి.

బయల్దేరే ముందు మూడు చిన్న పనులున్నాయి. సీటు ఎత్తు సరిచేసుకోవాలి. పెడల్ అడుగున ఉన్నప్పుడు దానిపై మడమ పెడితే కాలు నిటారుగా చాచుకోవాలి. కాళ్లు నేలకు ఆనాలన్న భయంతో సీటు దించుకుంటే నెల తిరక్కుండా మోకాళ్లు మొరాయిస్తాయి. రెండోది టైర్లు. గుబ్బలవి తీయించి, ఒకటిన్నర అంగుళాల నున్నటివి వేయించి, టైరు పక్కన అచ్చువేసిన పరిమితికి లోబడి 50, 60 పౌండ్ల గాలి కొట్టిస్తే అదే సైకిలు వేరే సైకిలవుతుంది. మూడోది ఫోర్కు. ఊగకుండా బిగించే మీట ఉంటే నున్నటి రోడ్డు మీద బిగించుకోవచ్చు. ఇక గేర్లు. పెద్ద గేరులో బరువుగా ఈడ్చడం కన్నా చిన్న గేరులో నిమిషానికి డెబ్భై, ఎనభై చుట్లు తేలిగ్గా తిప్పడం యాభై దాటిన గుండెకూ, మోకాలికీ మంచిది.

కురుసుర జలాంతర్గామి మ్యూజియం దాటి లాసన్స్ బే వైపు సాగితే మొదట పలకరించేది జాలరిపేట వాసన. ఆ వెంటనే తెన్నేటి పార్కు దగ్గర ఎత్తు మొదలవుతుంది. ఒక పక్క కైలాసగిరి, మరో పక్క కింద రాళ్ల మీద బద్దలవుతున్న అలలు. కారులో వెళ్తే ఇక్కడ చడావు ఉందనే తెలియదు. సైకిలు మీద ప్రతి అడుగూ తొడలు లెక్కపెట్టి చెబుతాయి. ఈ రోడ్డు బల్లపరుపు కాదు. తూర్పు కనుమల పాదాలు సముద్రంలోకి దిగేచోటల్లా లేస్తుంది, గెడ్డలు కలిసేచోటల్లా దిగుతుంది. వాహనంలో తిరిగినన్నాళ్లూ దాక్కున్న భూగోళం ఇలా బయటపడుతుంది. ముందు మూడు, వెనుక ఏడు పళ్ల చక్రాలతో 21 గేర్లున్న సైకిలు విలువ తెలిసేది ఇక్కడే.

సాగర్‌నగర్ దాటాక రుషికొండ. 2020లో ఈ బీచ్‌కు బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. ఆ పక్కనే కొండను తొలిచి కట్టిన భవనాలు 2024 ఎన్నికల నాటికి రాష్ట్రమంతా మాట్లాడుకునే వివాదమయ్యాయి. ఇక్కణ్నుంచి నగరం కాస్త పల్చబడుతుంది. రిసార్టుల మధ్య జీడితోటలు, సరుగుడు చెట్లు. మంగమారిపేటలో వలలు బాగుచేసుకునే మనుషులు, రోడ్డు వారగా ఎండబెట్టిన చేపలు.

అక్కడే టీ కొట్టు దగ్గర ఒక పెద్దాయన తన సైకిలుకు స్టాండు వేసి నా సైకిలు చుట్టూ ఓ ప్రదక్షిణ చేశాడు. వెనుక క్యారియర్‌కు ఖాళీ చేపల పెట్టె.

"ఏటి బాబూ, ఇంత లావు టైర్లు? మోటారేటైనా ఉందేటి?"

"లేదు పెద్దయ్యా, తొక్కాల్సిందే."

"మరెంతయ్యింది?"

"పద్దెనిమిది వేలు."

"మోటారు నేకుండానే!" అని కాసేపు నవ్వి, టీ గ్లాసు కింద పెట్టి అసలు మాట చెప్పాడు. "ఎనకాల లారీ హారనేస్తే తారు మీదుండిపోకు. మట్టిలోకి దిగిపో. మేం ఎప్పుడూ అదే సేత్తాం."

ఆ ఒక్క మాటలో మన రోడ్ల రాజ్యాంగమంతా ఉంది. సైకిలు తొక్కేవాడి చోటు తారు మీద కాదు, దాని అంచున. హారన్ వినపడితే ఆ అంచు కూడా వదిలేయాలి. తారుకూ మట్టికీ మధ్య రెండు, మూడు అంగుళాల మెట్టు. ఆ కింద కంకర, గాలికి కొట్టుకొచ్చిన ఇసుక, కొబ్బరి డొక్కలు. సన్నటి టైర్ల పందెపు సైకిలు అక్కడ దిగితే జారడం ఖాయం. లావు టైరు దిగుతుంది, నిలబడుతుంది, మళ్లీ ఎక్కుతుంది. పండితులు లెక్కేసేది నున్నటి తారు మీద శక్తి నష్టాన్ని. మన రోడ్డంటే తారొక్కటే కాదు. స్పీడు బ్రేకరు, కొత్తగా తవ్వి పూడ్చిన కందకం, ఎదురుదారిలో వచ్చే ఆటో, అన్నీ కలిస్తేనే రోడ్డు. వాటన్నిటికీ సిద్ధమైన సైకిలు ఇదే. కాకపోతే అలా సిద్ధపడాల్సి రావడమే అసలు సమస్య.

2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో వేలమంది సైకిలు తొక్కుతున్నవారే. వాళ్లలో నాలాగా ఆరోగ్యం కోసం ఎక్కినవారు ఎందరో ఊహించడం కష్టం కాదు. పనికి పోతున్నవారే ఎక్కువుంటారు. 2011 జనాభా లెక్కల్లో దేశంలోని కుటుంబాల్లో దాదాపు 45 శాతానికి సైకిలుంది. అయినా సైకిలు గురించి పత్రికలు రాసేది మాలాంటివాళ్లు తిరిగొచ్చినప్పుడే. 1951లో సోనీపత్‌లో మొదలై మా తరానికి సైకిలంటే తనే అనిపించిన అట్లాస్ సంస్థ 2020 జూన్ 3న సాహిబాబాద్ కర్మాగారంలో ఉత్పత్తి ఆపేసింది. ఆ రోజు ప్రపంచ సైకిలు దినోత్సవం. లాక్‌డౌన్ సడలాక అదే ఏడాది నగరాల్లో గేర్ల సైకిళ్లకు గిరాకీ ఎగబాకింది.

మంగమారిపేట దాటితే ఎడమవైపు తొట్లకొండ దారి. రాతిలో తొలిచిన నీటి తొట్ల వల్లే ఆ పేరు. 1970ల్లో నౌకాదళం జరిపిన సర్వేలో బయటపడిన ఈ బౌద్ధ క్షేత్రం సముద్రమట్టానికి 128 మీటర్ల ఎత్తున ఉంది. ద్వారం తెరిచే వేళలు కనుక్కుని వెళ్తే మౌంటెన్ బైకు తన పేరు నిలబెట్టుకునే అవకాశం ఇక్కడుంది. అన్నింటికన్నా చిన్న గేరులో, నడిచేవాడి వేగంతో, ఆగకుండా పైకి చేరొచ్చు. భిక్షువులు వర్షాకాలం గడిపిన విహారాల పునాదుల దగ్గర నిలబడి చూస్తే వచ్చిన దారంతా కింద నల్లదారంలా కనిపిస్తుంది.

భీమిలికి ముందు ఎర్రమట్టి దిబ్బలు. వేల ఏళ్లుగా గాలి, నీరు, మారుతూ వచ్చిన సముద్రమట్టం కలిసి మలచిన ఈ లోయలు 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కాయి. గుబ్బల టైర్లకు ఇంతకన్నా నోరూరించే చోటు ఈ దారిలో మరొకటి లేదు. తొక్కకూడని చోటు కూడా ఇదే. వదులుగా నిలిచిన ఆ మట్టిలో ఒక్క చక్రం గీసిన గాడి వర్షానికి వాగవుతుంది. సైకిలు రోడ్డు మీదే ఆపి నడిచి చూడాలి.

భీమిలిలో గోస్తని సముద్రంలో కలుస్తుంది. 17వ శతాబ్దంలోనే వర్తకానికొచ్చిన డచ్చివారు 1825లో ఊరిని ఆంగ్లేయులకు అప్పగించి వెళ్లారు. వాళ్ల సమాధులు మిగిలాయి. వాటినీ, లైట్‌హౌస్‌నూ చూసి, ఇడ్లీ తిని, ఎండ ముదరకముందే వెనుదిరగాలి.

వచ్చేటప్పుడు ఎడమ పక్క కొండల వైపు తొక్కుకొచ్చాం కాబట్టి సముద్రం చేతికందే దూరంలోకి వచ్చేది తిరుగు ప్రయాణంలోనే. నైరుతి రుతుపవనాల నెలల్లో పోయేటప్పుడు వీపు తట్టిన గాలి వచ్చేటప్పుడు గుండెకు ఎదురొస్తుంది. నిటారుగా కూర్చోబెట్టే సైకిలు ఆ సమయంలో శత్రువే. మోచేతులు వంచి, ఒక గేరు తగ్గించి, వేగం మాట మరిచిపోవాలి. ఇంటికి చేరాక ఉప్పుగాలి తగిలిన చైన్ తుడిచి నూనె వేయకపోతే వారంలో తుప్పు పలకరిస్తుంది.

ఈ రోడ్డును ఇంకా వెడల్పు చేయాలన్న మాట చాలాకాలంగా ఉంది. చేయనివ్వండి. ఆ వెడల్పులో రెండు పక్కలా ఒకటిన్నర మీటరు, కార్లు ఆపుకోవడానికి వీల్లేకుండా, సైకిళ్లకు విడిచిపెడితే చాలు. నాలాంటివాళ్లు సెలవు పూట వస్తారు, కష్టమనిపిస్తే మళ్లీ కారెక్కుతారు. మంగమారిపేట పెద్దాయనకు ఆ వెసులుబాటు లేదు. లావు టైర్లు కూడా లేవు. ఆయన రేపు తెల్లవారుజామున చేపల పెట్టెతో బయల్దేరినప్పుడు, వెనుక హారన్ మోగితే మట్టిలోకి దిగాల్సిన పని లేకుండా చేయాలి.