అచ్చు కడిగిన చేతులు

మా మేనల్లుడు కొండాపూరులో ఏడో అంతస్తులో ఉంటాడు. హైటెక్ సిటీలో ఉద్యోగం. వారానికి అయిదు రోజులు కంప్యూటరు ముందు కూర్చుని, సెలవొస్తే గాలం భుజాన వేసుకుని చెరువుల వెంట తిరుగుతాడు. మొన్న వేసవిలో ఫోను చేసి, "మామయ్యా, నువ్విచ్చిన అచ్చు మొరాయిస్తోంది. గుళ్ళు ముడతలు పడి వస్తున్నాయి. ఎలా కడగాలి?" అన్నాడు.

వైద్యుణ్ణి అడగవలసిన ప్రశ్నేనా అని మీరు నవ్వుకోవచ్చు. కాని ఆ అచ్చు మా నాన్నగారిది. నరసాపురంలో బడిపంతులుగా పనిచేస్తూ, సెలవు రోజుల్లో గోదావరిలో విసురువల వేసేవారు. వల అంచుకు కట్టే సీసం గుళ్ళు పెరట్లో కుంపటిమీద స్వయంగా పోత పోసుకునేవారు. పక్కన కూర్చుని విసనకర్రతో నిప్పు విసిరినవాణ్ణి నేను. ఆయన పోయాక ఆ రెండు బద్దల ఇత్తడి అచ్చు నా పెట్టెలోకి వచ్చింది. కుర్రవాడు సరదా పడ్డాడు గదా అని తీసి ఇచ్చినవాణ్ణీ నేనే.

అందుచేత నాకు తెలిసిందంతా ఫోనులోనే చెప్పాను. గుండు ముడతలు పడితే అచ్చుకు నూనె జిడ్డయినా ఉండాలి, లేదా అచ్చు చల్లగా ఉండాలి. గిన్నెలు తోమే సబ్బు, వేడినీళ్ళు, పాత పళ్ళ బ్రష్షు చాలు. పూర్తిగా ఆరబెట్టి, సెగ చూపించి, అప్పుడు పోయాలి. మొదటి నాలుగైదు గుళ్ళు ఎలాగూ పాడవుతాయి, మళ్ళీ కరిగించుకోవచ్చు. గుండు పైన మంచు పట్టినట్టు తెల్లగా ఉంటే అచ్చు మరీ కాలిందన్న మాట. కాసేపు ఆగితే సరి. అంచులు నిండకపోతే గాలి పోయే సన్నని గీతలు పూడి ఉంటాయి. రెండు బద్దల మధ్య రెక్కలాగా సీసం సాగితే, కలిసే చోట ఎక్కడో ఒక సీసపు పొర అంటుకుని ఉందని గుర్తు. దాన్ని ఇనుప బ్రష్షుతో గీకకూడదు. అచ్చు వెచ్చగా ఉండగా చెక్కపుల్లతో తీయాలి. గుండు ఊడి రాకపోతే కొవ్వొత్తి మసి పట్టిస్తే వస్తుంది. ఇదంతా చెప్పి, ఫోను పెట్టేసి, హాయిగా భోంచేశాను.

ఆ ఆదివారం వాళ్ళింటికి వెళ్ళాను. మావాడు నేను చెప్పినట్టే చేస్తున్నాడు. ఎక్కడనుకున్నారు? వంటింటి సింకులో! పక్కనే పిల్లదాని పాలసీసా బోర్లించి ఉంది. బ్రష్షుతో రుద్దుతున్నాడు, మధ్యమధ్య గుంటల్లోకి నోటితో ఉఫ్ అని ఊదుతున్నాడు. బాల్కనీలో గ్యాసు పొయ్యి, దాని చుట్టూ బూడిదరంగు పొడి. ఆ పొడిని అమ్మాయి అప్పుడే చీపురుతో ఊడ్చి వచ్చింది. పధ్నాలుగు నెలల పిల్ల ఆ నేలమీదే దోగాడుతూ, నాలుగడుగులకొకసారి వేళ్ళు నోట్లో పెట్టుకుంటోంది.

నాకు గుండె జారిపోయింది. అచ్చు కడగడం చెప్పాను గాని, ఎక్కడ కడగాలో చెప్పలేదు.

సీసం అనగానే అందరూ పొగకు భయపడతారు. ఎర్రగా కాల్చితే ఆవిరి భయం ఉన్నమాట నిజమే. కాని సీసం 327 డిగ్రీలకే కరుగుతుంది, అంతకు కాస్త పైన మితంగా వేడి చేస్తే ఆవిరి తక్కువ. అసలు మోసమంతా పైన తేలే తెట్టెలో, ఆ తెట్టె ఆరి రాలే పొడిలో, అచ్చు గీకినప్పుడు వచ్చే నలుసుల్లో ఉంది. పోత పోసేటప్పుడు మనిషి జాగ్రత్తగానే ఉంటాడు. కడిగేటప్పుడు, పని అయిపోయింది కదా అని నిర్లక్ష్యం వస్తుంది. ఇల్లలకగానే పండగ కాదంటారు చూశారా, ఇక్కడ అలకడంలోనే ప్రమాదం.

పెద్దవాళ్ళకన్నా పసివాళ్ళ పేగులు సీసాన్ని నాలుగైదు రెట్లు ఎక్కువగా పీల్చుకుంటాయి. ఇనుము, కాల్షియం తక్కువైన పిల్లల్లో అది మరీ ఎక్కువ. మన పిల్లల్లో రక్తహీనత ఎంత మామూలో మీకు తెలుసు. లోపలికి వెళ్ళిన సీసం రక్తంలో నెలరోజుల పాటు తిరిగి, ఎముకల్లో చేరి ఏళ్ళ తరబడి కూర్చుంటుంది. పెద్దవాళ్ళకు కడుపు నొప్పి, మలబద్ధం, నీరసం, రక్తపోటు. పిల్లలకైతే పైకి ఏమీ కనపడదు. చదువు మందగిస్తుంది, నిలకడ తగ్గుతుంది, మనం అల్లరి అనుకుంటాం. ఇంత వరకు ఫరవాలేదు అని చెప్పదగ్గ మోతాదు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. రక్తంలో డెసీలీటరుకు 5 మైక్రోగ్రాములు ఉన్నా, ఎక్కడినుంచి వస్తోందో వెతికి ఆపమంటోంది.

2020 డిసెంబరులో ఏలూరులో వందలమంది మూర్ఛలతో పడిపోయిన సంగతి మీరు మరచిపోయి ఉండరు. ఢిల్లీ ఎయిమ్స్ వారు పరీక్షిస్తే కొందరి రక్తంలో సీసం, నికెల్ కనిపించాయి. పురుగుమందుల మాట కూడా వచ్చింది, వాదాలు చాలా జరిగాయి. నేను చెప్పేదేమిటంటే, రక్తంలో సీసం ఎంత అని మన ఊళ్ళలో అడిగింది అలా మనుషులు పడిపోయాకే. అంతవరకూ ఆ పరీక్ష అడిగినవాళ్ళు తక్కువ. అబిడ్స్ దగ్గర గన్‌ఫౌండ్రీని పాతవాళ్ళు తోప్ కా సాంచా అనేవారు. 1795లో ఫ్రెంచి దొర రేమండ్ నిజాం సైన్యానికి ఫిరంగులు, గుండ్లు పోత పోయించిన చోటది. సాంచా అంటే అచ్చే. అక్కడ అచ్చులు గీకిన కూలీలను ఎవరు పట్టించుకున్నారు?

తుపాకి గుండ్ల అచ్చయినా వల గుళ్ళ అచ్చయినా శుభ్రం చేసే తీరు ఒక్కటే. తుపాకి గుండ్లు లైసెన్సు లేకుండా పోస్తే మాత్రం 1959 ఆయుధాల చట్టం ఊరుకోదు.

మీ ఇంట్లో ఎవరికైనా ఈ సరదా ఉంటే, పని ఆరుబయట చేయించండి. అపార్టుమెంటు బాల్కనీ ఆరుబయలు కాదు. అచ్చు కడగడానికి వేరే బకెట్టు, వేరే బ్రష్షు పెట్టండి. ఆ నీళ్ళు సింకులోనో మొక్కల్లోనో పొయ్యవద్దు. తెట్టెను మూత ఉన్న డబ్బాలో దాచి, సీసం తీసుకునే వ్యాపారికి ఇవ్వండి. నోటితో ఊదవద్దు. పొడిని చీపురుతో ఊడవద్దు, తడిగుడ్డతో తుడవాలి. ఆ లుంగీ, ఆ చొక్కా పిల్లల బట్టలతో కలిపి ఉతకవద్దు. సబ్బుతో చేతులు కడిగేదాకా బీడీ, టీ ఏదీ ముట్టవద్దు. పాత బ్యాటరీ పలకలు కరిగించే ఊసే ఎత్తవద్దు, వాటిలోంచి విషవాయువులు వస్తాయి. అన్నిటికన్నా ముఖ్యం, కడిగిన అచ్చులో ఒక్క నీటిచుక్క మిగిలినా, కరిగిన సీసం తగలగానే ఆవిరై, సీసాన్ని ముఖం మీదికి చిమ్ముతుంది. మా నాన్నగారి ఎడమ చెంపమీది మచ్చ అలా వచ్చిందే.

పిల్లకు రక్తపరీక్ష చేయించాం. 11 వచ్చింది. మావాడి ముఖం పాలిపోయింది, అమ్మాయి నాతో రెండు రోజులు సరిగా మాట్లాడలేదు. ఆమెను తప్పు పట్టలేను. ఆ మోతాదుకు మందులతో పనిలేదు. ఇల్లంతా తడిగుడ్డతో మూడుసార్లు తుడిపించాం, పిల్లకు ఇనుము చుక్కలు మొదలుపెట్టాం, పప్పు, ఆకుకూర, పాలు, ఉసిరి పెంచాం. మూడు నెలల తరవాత 7 వచ్చింది. మళ్ళీ సంక్రాంతి వెళ్ళాక చేయించాలి.

అచ్చు ఇప్పుడు శంకరపల్లి దగ్గర వాళ్ళ స్నేహితుడి తోటలో, ప్లాస్టిక్ సంచీలో చుట్టి, పిల్లలకందని అటకమీద ఉంది. మావాడు నెలకొకసారి అక్కడికి వెళ్ళి పోత పోసి, స్నానం చేసి, వేరే బట్టలు కట్టుకుని ఇంటికి వస్తున్నాడు. గుళ్ళు ముడతలు లేకుండా నున్నగా వస్తున్నాయిట. పోయిన వారం ఒకటి తెచ్చి చూపించబోతే, అమ్మాయి గుమ్మం దగ్గరే ఆపేసింది.