ముక్కులో రెండు ఐదు రూపాయల బిళ్ళలు

ఈ సంచికకు నన్ను కవిత రాయమన్నారు. కవిత నాకు రాదు. అందుకని నెలన్నరగా నేనూ, నా పక్క మంచం వాడూ కలిసి చేస్తున్న విమానం గురించి రాస్తున్నాను. వాడి పేరు రాయొద్దన్నాడు. చదివేవాళ్ళందరికీ ఎలాగూ తెలుసు కాబట్టి రాయకపోయినా నష్టం లేదు.

నవంబరులో మా సైన్సు సారు ఒక వీడియో చూపించారు, అక్కడ పట్టుకుంది మాకీ పిచ్చి. అందులోవి రిమోటుతో ఎగిరే చిన్న విమానాలు. మైదానంలో త్రికోణం ఆకారంలో మూడు స్తంభాలు పాతి వుంటాయి. విమానాలు వాటి చుట్టూ పందెం వేసుకుని తిరుగుతాయి. దీన్ని పైలాన్ రేసింగ్ అంటారు. పైలాన్ అంటే ఆ స్తంభమే. అన్నీ ఎడమ వైపుకే తిరగాలి, మన ఆటల పోటీల్లో పరుగుపందెం లాగానే. మనుషులు కూర్చుని నడిపే పెద్ద విమానాలతో కూడా ఇలాంటి పందెం వుండేది. అమెరికాలో రీనో అనే ఊరి దగ్గర 1964లో మొదలై 2023 దాకా సాగింది. చిన్న విమానాల్లో ఎఫ్-3-డి అని ఒక తరగతి వుంది. దానిలో చుట్టు 400 మీటర్లు, పది చుట్లు తిరగాలి. మొత్తం 4 కిలోమీటర్లు. బాగా ఆరితేరినవాళ్ళు నిమిషానికి కాస్త అటూ ఇటూగా ముగించేస్తారు. మనం సంతకి నడిచేది కూడా ఇంచుమించు అంతే దూరం. మనకి గంట పడుతుంది, మధ్యలో రేగుపళ్ళకి ఆగితే ఇంకా ఎక్కువ.

వీడియో అయిపోయాక అందరూ ఇంజను గురించే మాట్లాడుకున్నారు. ఆ చప్పుడు, ఆ వేగం! మావాడు మాత్రం లేచి, "సార్, అది దేని మీద ఆగుద్ది?" అని అడిగాడు. క్లాసంతా నవ్వింది. సారు నవ్వలేదు. "అసలు ప్రశ్న అదే" అని సుద్దముక్క తీసుకున్నారు.

ఆ రోజు బోర్డు మీద వేసిన లెక్క నా నోట్సులో వుంది. విమానం సెకనుకి 80 మీటర్ల వేగంతో వస్తోంది అనుకుందాం. అంటే గంటకి 288 కిలోమీటర్లు. స్తంభం దగ్గర 20 మీటర్ల వ్యాసార్థంతో మలుపు తిరిగింది. వేగాన్ని వేగంతో గుణించి వ్యాసార్థంతో భాగిస్తే 320 వస్తుంది. భూమి లాగే త్వరణం సుమారు 10. కాబట్టి ఆ మలుపులో ప్రతి వస్తువూ దాని బరువుకి 32 రెట్లు తూగుతుంది. రెండు కిలోల విమానం మీద 64 కిలోల బరువు పడుతుంది. ఒక పెద్దమనిషి ఆ రెక్కల మీద ఎక్కి కూర్చున్నట్టే. ఇప్పుడు ఒక రెక్క చివర 5 గ్రాములు ఎక్కువ వుందనుకోండి. నేల మీద వున్నప్పుడు అది ఎవరికీ కనపడదు. మలుపులో అదే 160 గ్రాములవుతుంది. విమానం ఆ పక్కకి ఒరిగిపోతుంది.

అందుకే వాళ్ళు ముక్కుకీ తోకకీ మధ్య తూకం చూసుకుని ఊరుకోరు, ఎడమ రెక్కకీ కుడి రెక్కకీ కూడా చూస్తారు. ఆ తూకం కూడా ఖాళీ ట్యాంకుతో చూస్తారు. ఇది నాకు చాలా నచ్చింది. ట్యాంకు సాధారణంగా తూకం నిలిచే చోటుకి ముందు వుంటుంది. నింపి తూచితే మొదటి చుట్టులో బాగానే వుంటుంది. ఇంధనం అయిపోతున్న కొద్దీ ముక్కు తేలికై, చివరి చుట్లకి తోక బరువెక్కుతుంది. తోక బరువైన విమానం చెప్పిన మాట వినదు. పోనీ ముక్కు బాగా బరువు పెడదామంటే అదీ నష్టమే. అప్పుడు తోక ఎప్పుడూ కిందికి నొక్కుతూ వుండాలి, ఆ నొక్కుడుకి వేగం ఖర్చవుతుంది. ఆ తూకం నిలిచే చోటుని పుస్తకంలో గురుత్వ కేంద్రం అంటారు. సారు పాత అలవాటు కొద్దీ గరిమనాభి అంటారు. నాకు గరిమనాభే బాగుంది.

రిమోటూ, ఇంజనూ వేల రూపాయల మాట. అవి మనకి లేవు. అందుకని సారు జనవరి 26న జెండా వందనం అయ్యాక ఇంజను లేని విమానాల పోటీ పెడతామన్నారు. ఒక వెదురు కర్ర దగ్గర నిలబడి చేత్తో విసరాలి. 15 మీటర్ల దూరంలో ఇంకో కర్ర వుంటుంది. దాన్ని తాకకుండా ఎవరిది దాటుతుందో వాళ్ళది గెలుపు.

మా విమానం రెక్క సెంటీమీటరు మందం థర్మోకోల్ షీటు. పొడవు 60 సెంటీమీటర్లు, వెడల్పు 10. ముందు అంచుని ఉప్పుకాగితంతో గుండ్రంగా రుద్దాం, వెనక అంచుని పల్చగా చేశాం. రెక్కని మధ్యకి కోసి, రెండు చివర్లూ కాస్త పైకి లేచేట్టు అతికించాం. అలా వుంటే గాలికి ఒక పక్కకి ఒరిగినా మళ్ళీ సర్దుకుంటుంది. పందెం విమానాలకి ఇంత వంపు వుండదు, వాటిని సర్దటానికి రిమోటు వుంది కదా. వెన్నెముక 40 సెంటీమీటర్ల వెదురు పుల్ల. తోక భోజనాల థర్మోకోల్ పళ్ళెంలోంచి కోసింది. చెయ్యాలనుకునేవాళ్ళకి ఒక మాట. థర్మోకోల్‌కి సూపర్‌గ్లూ పెట్టకండి, పెట్టినచోట కరిగి గుంట పడుతుంది. ఫెవికాల్ పెట్టి రాత్రంతా వదిలెయ్యాలి.

ఇక్కడ మావాడి సంగతి కొంచెం రాయాలి. రాయొచ్చా అని అడిగే రాస్తున్నాను. దసరా సెలవుల నుంచి వచ్చినప్పటి నుంచీ వాడు సంక్రాంతికి వెళ్తే మళ్ళీ రానంటున్నాడు. వాళ్ళ బావ బోరు లారీ మీద పనికి పోతున్నాడు, రమ్మంటున్నాడట. వార్డెన్ గారు వాళ్ళ నాన్నతో మాట్లాడారు కూడా. వాడికి తిండి బెంగ లేదు, ఇంటి బెంగ లేదు. లెక్కలంటేనే భయం. లెక్కల్లో వాడికి ఎన్ని మార్కులు వచ్చాయో గోడ మీద రాయటం మర్యాద కాదు. పని మాత్రం వాడిదే. ఉప్పుకాగితం పట్టింది వాడు, పుల్ల చెక్కింది వాడు. నేను కొలతలు రాసుకున్నాను, అంతే.

తూకం పెట్టే రోజు వచ్చింది. రెక్క ముందు అంచు నుంచి 3 సెంటీమీటర్లు వెనక గీత గీశాం. ఆ గీత కింద రెండు వేళ్ళు పెట్టి లేపితే సమంగా నిలవాలి. తోక కిందికి పడిపోయింది. నేను కాగితం తీసుకుని కూర్చున్నాను. ల్యాబు త్రాసులో తూచిన బరువులు నా దగ్గర వున్నాయి. తోక 2 గ్రాములు, గీత నుంచి 25 సెంటీమీటర్ల దూరం. అది 50. పుల్ల 10 గ్రాములు, దాని నడిమి గీతకి 8 సెంటీమీటర్లు వెనక. అది 80. రెక్క 9 గ్రాములు, దాని నడిమి ఒకటిన్నర వెనక. అది ఇంచుమించు 14. మొత్తం 144. ముక్కు గీతకి 12 సెంటీమీటర్లు ముందుంది కాబట్టి 144ని 12తో భాగించాలి. ఇదంతా రాయటానికి నాకు ఇరవై నిమిషాలు పట్టింది.

ఈలోపు మావాడు విమానాన్ని వేళ్ళ మీద అటూ ఇటూ ఊపి చూస్తూ, "ఏటిరా, ఇది కావిడే కదా" అన్నాడు. వాడు చిన్నప్పటి నుంచి వాళ్ళ అమ్మతో సంతకి కావిడి మోసుకెళ్ళినవాడు. ఒక బుట్టలో పసుపు ఎక్కువై, ఇంకో బుట్టలో అల్లం తక్కువైతే బద్ద కింద భుజాన్ని బరువు వైపుకి జరుపుకుంటారు. "ఇక్కడ భుజం జరపడానికి లేదు, రెక్క అతికించేశాం. ఇంక తేలిక బుట్టలో రాయి వెయ్యాల్సిందే" అని పెట్టెలోంచి రెండు ఐదు రూపాయల బిళ్ళలు తీసి ముక్కుకి టేపుతో చుట్టాడు. వేళ్ళ మీద పెడితే కదలకుండా నిలిచింది.

నా కాగితం మీద జవాబు 12 గ్రాములు. ఐదు రూపాయల బిళ్ళ 6 గ్రాములు.

నేను కాగితం చూపించాను. వాడు చాలాసేపు చూసి, "ఇందులో కావిడి ఎక్కడుంది?" అన్నాడు. దూరం ఏది, బరువు ఏది అని వేలు పెట్టి చూపించాను. అప్పుడు వాడే అడిగాడు, "ఒక్క బిళ్ళే వుంటే ముక్కు ఎంత పొడుగుండాల?" నేను నోరు తెరిచేలోపే కాగితం చివర 144ని 6తో భాగించి 24 అని రాశాడు. ముక్కు పెరిగితే పుల్ల బరువు లెక్క కూడా మారుతుంది కదా అన్నాను. "అది తర్వాత సూద్దాం" అన్నాడు. ఎవరూ చెప్పకుండా వాడు లెక్క చెయ్యటం నేను చూడటం అదే మొదలు. ఆ కాగితం వాడే దాచుకున్నాడు.

కుడి రెక్క తేలికగా వుంటే దాని చివర ఒక గుండుసూది గుచ్చాం. పొద్దున్నే గాలి లేవకముందు మెస్సు వెనక విసిరి చూశాం. మొదట ముక్కు దించుకుని పోయింది. తూకం సరిగ్గానే వుంది కాబట్టి బిళ్ళలు ముట్టుకోలేదు. తోక వెనక అంచుకి కాగితం ముక్క అతికించి పైకి వంచాం. తర్వాత నీళ్ళ ట్యాంకు దగ్గర నుంచి వేపచెట్టు దాకా, పద్ధెనిమిది అంగలు, తాడు మీద జారినట్టు వెళ్ళి గడ్డిలో దిగింది. 8వ తరగతి వాళ్ళది మాదాని కంటే అందంగా వుంది, మూడు రంగులు కూడా వేశారు. రంగుకి కూడా బరువు వుంటుందని వాళ్ళకి చెప్పాలి. 26 అయ్యాక చెబుతాను.

ఎల్లుండి నుంచి సంక్రాంతి సెలవులు. నిన్న రాత్రి మావాడు ట్రంకు పెట్టె సర్దుకుంటుంటే, బస్సుకి చిల్లర కావాలేమో, ఆ బిళ్ళలు తీసుకోరా అన్నాను. "వాటి జోలికి పోకు. తీస్తే తోక బరువైపోద్ది" అన్నాడు. పెట్టెలో అన్నీ పెట్టుకున్నాడు గానీ లెక్కల పుస్తకం నా అలమరలోనే వుంచాడు. మరిచిపోయాడో, కావాలని వుంచాడో నేను అడగలేదు.

విమానం సైన్సు గదిలో బీరువా మీద వుంది. 26 దాకా దయచేసి ఎవరూ ముట్టుకోవద్దు. ముఖ్యంగా 8వ తరగతి వాళ్ళు.