పెట్టెలో మూడు జిల్లాలు

డోంగ్లి మండలం జనాభా ఎంత అని 2011 జనగణనలో వెతికితే ఆ మండలమే కనపడదు. అప్పటికి డోంగ్లి, నిజామాబాద్ జిల్లా మద్నూర్ మండలంలో ఒక ఊరు. 2016 అక్టోబర్ 11న, దసరా రోజు, కామారెడ్డి జిల్లా పుట్టింది. 2022లో మద్నూర్ నుంచి కొన్ని ఊళ్ళు విడదీసి డోంగ్లిని మండలం చేశారు. రెవెన్యూ డివిజన్ బాన్సువాడ. అసెంబ్లీకి జుక్కల్. పార్లమెంటుకి జహీరాబాద్, అదేమో సంగారెడ్డి జిల్లాలో ఉంది.

మా అమ్మమ్మ వాళ్ళది ఆ దగ్గరి ఊరే. ఆమె ఇనప్పెట్టెలో కాయితాలు తీస్తే, కదలకుండా కూచున్న ఒక ఇంటికి ఎన్ని చిరునామాలు ఉండొచ్చో తెలుస్తుంది. అన్నిటికంటే పాతది ఉర్దూలో ఉంటుంది, జిల్లా నాందేడ్. 1956లో రాష్ట్రాలు విడగొట్టినప్పుడు దెగ్లూర్ తాలూకాలోని బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్ళు ఇటు వచ్చాయి, దెగ్లూర్ అటే ఉండిపోయింది. ఓటరు కార్డు మీద నిజామాబాద్. ఆధార్ మీద కామారెడ్డి. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి కదా, అమ్మమ్మకు ఇప్పటికీ "మాది మద్నూర్ తాలూకా బిడ్డా". పెళ్ళి బట్టలకు పొయ్యేది దెగ్లూరే. డబ్బులు లెక్కపెట్టేది మరాఠీలో. మాతృభాష ఏదని ఫారంలో అడిగితే ఆమె ఒక్క గడిలో ఏం రాయిస్తుందో!

ఈ చుట్టుపక్కల ఊళ్ళ పేర్లు చూడండి: లింబూర్, ఇలేగావ్, హసన్ టాక్లి. సరిహద్దు గీసినవాళ్ళు పేర్లను మాత్రం ముట్టుకోలేదు.

కామారెడ్డి జిల్లా జనాభా 9,72,625 అని అన్ని చోట్లా కనపడుతుంది. అది కూడా 2011 లెక్కే, అంటే జిల్లా పుట్టకముందు జనాభా. గమ్మత్తుగా ఉంటుంది గానీ తప్పు కాదు. జనగణనలో గట్టిగా నిలిచేది ఊరు. మండలం, జిల్లా ఊళ్ళను వేసుకునే సంచులు. సంచి మారిస్తే లోపలి గింజలు మళ్ళీ కూడుకోవాలి, అంతే. డోంగ్లి జనాభా కావాలన్నా ఒక్కో ఊరి లెక్కా తీసి కలుపుకోవాలి.

చిక్కల్లా గింజలు పాతబడటంతోనే. 2021లో జరగాల్సిన జనగణన కోవిడ్‌తో ఆగింది. 2013 ఆహార భద్రతా చట్టం కింద కేంద్రం ఇచ్చే బియ్యం ఎంతమందికన్నది ఇంకా 2011 లెక్క మీదే నడుస్తోంది. రేషన్ కార్డులో పిల్లల పేరు ఎక్కించడానికి మా వాళ్ళు మీసేవ చుట్టూ తిరిగినప్పుడు ఈ సంగతి నాకు అంకెల్లో కాదు, బియ్యం కిలోల్లో అర్థమైంది. కొత్త మండలం వల్ల తహసీల్దార్ ఆఫీసు దగ్గరికొచ్చింది, నిజమే, మద్నూర్ దాకా ఆటో కిరాయి మిగిలింది. నాకది చిన్న విషయం అనిపించదు. కాకపోతే ఆఫీసు వచ్చినంత తొందరగా లెక్క రాలేదు.

ఇప్పుడు 2027 మార్చి 1 నాటికి ఎంతమంది ఉన్నారో లెక్కిస్తారు, ఈసారి కులం కూడా రాసుకుంటారు. డోంగ్లి పేరు మండలంగా మొదటిసారి ఎక్కేది అందులోనే. మా అక్క కొడుకు 2012లో పుట్టాడు. బర్త్ సర్టిఫికెట్‌లో నిజామాబాద్, బడి కాయితాల్లో కామారెడ్డి. లెక్కలో వాడు ఇంకా ఎక్కడా లేడు. గొంతు మారి, మీసాలొస్తున్నాయి.