బీరువాలో దొరికిన డాంగిల్



పోయిన ఆదివారం హోసూరులో మన సంఘం గదికి సున్నం వేయించాలని సామానంతా బయట పెడుతుంటే, బీరువా కింది అరలో పాత రసీదు పుస్తకాల వెనక ఒక ప్లాస్టిక్ డబ్బా దొరికింది. దాంట్లో ఒక తెల్ల డాంగిల్, ఒక పెన్ డ్రైవు, నాలుగు మడతలు పెట్టిన నోటుబుక్కు కాగితం ఉన్నాయి. కొత్తగా చేరిన పిల్లలు "ఇదేంది మామా, పారేద్దామా?" అన్నారు. వద్దన్నాం. ఎందుకు వద్దన్నామో అక్కడ సున్నం బక్కెట్ల మధ్య నిలబడి చెప్పే తీరిక లేకపోయింది. అందుకని ఇక్కడ రాస్తున్నాం. కొంచెం పొడుగే, ఓపిక పట్టండి.

అది 2016 జనవరి, సంక్రాంతి వెళ్ళిన తర్వాతి ఆదివారం. అప్పటి గడబిడ పాతవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. బళ్ళలో తమిళం తప్పనిసరి చేస్తూ 2006లో చట్టం వచ్చింది. ఆ ఏడు ఒకటో తరగతిలో చేరిన పిల్లలు 2016 మార్చికి పదో తరగతి పరీక్ష దాకా వచ్చారు. మొదటి భాషగా తమిళం రాయాలన్నారు. తమిళం మీద మనకు పగేమీ లేదు. అంగట్లో, బస్సులో, ఆఫీసులో మాట్లాడేది తమిళమే కదా. కానీ చిన్నప్పటి నుంచి తెలుగే మొదటి భాషగా చదివిన పిల్లవాణ్ణి రెండు నెలల్లో తమిళ వ్యాకరణం రాయమంటే ఎట్ల రాస్తాడు? చెన్నైలో కేసు చూస్తున్న లాయరుగారు శనివారం సాయంత్రం ఫోన్ చేశారు. మా వైపు పల్లెల్లో ఇట్లాంటి పిల్లల పట్టీ, వాళ్ళ అమ్మానాయనల సంతకాల కాగితాలు సోమవారం పొద్దున పది గంటల లోపల మెయిల్లో ఉండాలన్నారు.

పట్టీ సిద్ధంగానే ఉంది. మేము నలుగురం రెండు మోటారు సైకిళ్ళ మీద మూడు వారాలు తిరిగి 43 మంది పేర్లు రాసుకొచ్చాం. రిటైరైన తెలుగు అయ్యవారు ఒకాయన ప్రతి ఇంటికీ ఒక కాగితం తన చేత్తో రాసి, తల్లులకు చదివి వినిపించి, సంతకమో వేలిముద్రో వేయించారు. అవన్నీ ఫోటో స్టూడియోలో స్కాన్ చేయించి పెన్ డ్రైవులో పెట్టుకున్నాం. ఇంక పంపడమే మిగిలింది.

ఆ పంపడం దగ్గరే బండి ఆగింది. మురుగు కాలువకు రోడ్డు తవ్వి కేబులు తెంచారు, సంఘం గదిలో నెట్టు పోయి వారమైంది. పండగ సెలవులని బ్రౌజింగు సెంటర్లు మూసి ఉన్నాయి. మా నలుగురి చేతుల్లో ఉన్నవి బటన్ల ఫోన్లు. ఒక్కటే స్మార్ట్‌ఫోను, అదీ 2జీ. 43 స్కాన్లు దాంట్లో ఎక్కించాలంటే ఉగాది వస్తుంది. జియో వచ్చింది ఆ సెప్టెంబరులో కదా. గతిలేకపోతే కాగితాలు సంచిలో పెట్టి రాత్రి పదిన్నర బస్సుకు ఒకర్ని చెన్నై పంపుదామని అనుకున్నాం.

అప్పుడు పాప వచ్చింది. పేరు రాయం, ఇప్పుడు ఉద్యోగం చేసుకుంటూ ఉంది, ఈ గుంపులోనే ఉంది. అప్పటికి డిగ్రీ మొదటి ఏడు. చేతిలో ప్రభుత్వం పన్నెండో తరగతి పిల్లలకు ఉచితంగా ఇచ్చిన లాప్‌టాప్. 2011లో జయలలితగారు మొదలుపెట్టిన పథకం అది. ఆ లాప్‌టాపుల్లో విండోసు ఒక పక్క, సీడాక్ వాళ్ళు తయారుచేసిన బాస్ లైనక్సు ఒక పక్క ఉండేవి. పిల్లలు చాలామంది ఆ రెండో పక్కకు పోయేవాళ్ళే కాదు. పాప పోవాల్సి వచ్చింది. బ్రౌజింగు సెంటరు పెన్ డ్రైవు నుంచి వైరసు ఎక్కి విండోసు చచ్చిపోయింది, లైనక్సు మాత్రం బతికింది. మంచిదే అయింది, మన పట్టీ తెలుగులో టైపు చేసింది అందులోనే. అంతకుముందు డీటీపీ అంగడిలో కొట్టించిన కాగితాలు లాయరుగారి కంప్యూటర్లో తెరిస్తే పిచ్చి గుర్తులు కనిపించాయట. బాస్‌లో యూనికోడు తెలుగు కాబట్టి ఎక్కడ తెరిచినా తెలుగుగానే ఉంటుంది.

పాప వాళ్ళ మామ దగ్గర ఒక 3జీ డాంగిలు కూడా అడుక్కొచ్చింది. గుచ్చాం. పచ్చ దీపం వెలిగింది. స్క్రీను మీద ఒక సీడీ బొమ్మ వచ్చింది. అంతే.

"మామా, ఇది సీడీ అంటాది!" అనింది పాప. మేము వంగి చూశాం. నిజంగానే సీడీ. తెరిస్తే లోపల విండోసు సెటప్ ఫైళ్ళు. మోడెం జాడ లేదు.

బెంగుళూరులో సాఫ్ట్‌వేరు పని చేసే మనవాడు ఒకడు ఉన్నాడు. ఆ రోజు రాత్రి డ్యూటీ, రాలేడు. ఫోన్లోనే ఉంటానన్నాడు. స్పీకరు పెట్టి టేబులు మీద పెట్టాం. వాడు ఒక్కొక్క అక్షరం చెప్పడం, పాప కొట్టడం. బీకి డీకి తేడా వినపడక రెండు సార్లు తప్పుపోయింది. దాంతో అయ్యవారు పద్ధతి పెట్టారు: "బీ అంటే బెంగుళూరు, డీ అంటే ధర్మపురి, కే అంటే కృష్ణగిరి." ఆ తర్వాత గాడిన పడింది. మన ఊరు కృష్ణగిరి జిల్లాలోకి వచ్చి పన్నెండేళ్ళయినా అయ్యవారికి ధర్మపురి మీద ఇంకా ప్రేమే.

మొదట ఎల్ఎస్‌యూఎస్‌బీ అని కొట్టించాడు. లాప్‌టాపుకు గుచ్చినవన్నీ వరుసగా చూపించే ఆదేశం అది. మా డాంగిలు వరుసలో "12డి1:1446" అని ఉంది. ముందున్నది తయారు చేసిన కంపెనీ సంఖ్య, వెనకున్నది వస్తువు సంఖ్య. "అన్నా, అది ఇంకా సీడీ వేషంలోనే ఉంది. 1446 పోయి 1001 రావాల" అన్నాడు వాడు.

సంగతి ఏమంటే, ఇట్లాంటి మోడెములో రెండు రూపాలు ఉంటాయి. కొత్తగా కొన్నవాడికి వేరే సీడీ ఇచ్చే పని లేకుండా, గుచ్చగానే మొదట సీడీ మాదిరి కనపడి తన సాఫ్టువేరు తానే ఎక్కించేటట్టు చేశారు. విండోసులో ఆ సాఫ్టువేరు ఎక్కినాక, అది మోడెముకు 31 బైట్ల ఒక చిన్న సందేశం పంపుతుంది. అందులో మొదటి నాలుగు బైట్లు యూ, ఎస్, బీ, సీ అనే అక్షరాలే. ఆ మాట చెవిన పడగానే అది ఒక్క క్షణం మాయమై, మోడెముగా మళ్ళీ వస్తుంది. లైనక్సులో ఆ సాఫ్టువేరు నడవదు, సందేశం పంపేవాళ్ళు ఉండరు. అది పాపం సీడీగానే కూర్చుని ఉంటుంది. చెడిపోలేదు, పిలిచేవాళ్ళు లేరు, అంతే. అయ్యవారు విని "వీధి భాగోతంలో తెర పట్టినోళ్ళు పక్కకు పోకపోతే రాజు వేషం ఎట్ల బయటికి వస్తాడప్పా" అన్నారు. మాకు అప్పుడు అర్థమైంది.

ముందు సులభమైన దారి చూశాం. ఆ సీడీని ఎజెక్టు చేయడం. కొన్ని మోడెములు దానికే లొంగి రూపం మార్చుకుంటాయి. మాది మార్చుకోలేదు. సీడీ బొమ్మ పోయింది, మళ్ళీ వచ్చింది. నాలుగు సార్లు చేశాం. ఐదోసారి పాప ఊరికే ఉంది.

ఆ సందేశం పంపడానికే ఒక ప్రోగ్రాము ఉంది, యూఎస్‌బీ మోడ్‌స్విచ్ అని. జోసువా డీట్స అనే ఆయన రాశారు, ఊరికే వాడుకోవచ్చు. ఏ సంఖ్యకు ఏ సందేశం పంపాలో ఆ పట్టీ అంతా దాంట్లో ఉంటుంది. మా లాప్‌టాపులో అది లేదు. ఎక్కించుకోవాలంటే నెట్టు కావాలి. నెట్టు రావాలంటే అది ఎక్కాలి. పెళ్ళి కుదిరితే గాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గాని పెళ్ళి కాదు అన్న సామెత మాకు ఆ రాత్రే బాగా తెలిసొచ్చింది.

దాన్ని తెంచింది మేము ఎగతాళి చేసిన 2జీ ఫోనే. ఆ ప్రోగ్రాము ఫైలు ఒక మంచి ఫోటో అంత కూడా ఉండదు. 43 స్కాన్లు మోయలేని ఫోను ఈ పిసరంత ఫైలును మోయగలదు కదా. దింపి, తీగతో లాప్‌టాపులో వేసి, నడిపించాం. తిట్టింది. మేము తొందరలో 64 బిట్ల ఫైలు దింపాం, లోపల ఎక్కించి ఉన్న లైనక్సు 32 బిట్లది. మళ్ళీ దింపాం. ఇంకో ఫైలు కావాలంది, సందేశాల పట్టీ వేరే మూటగా వస్తుందట. దింపాం. మూడోది అడిగింది. ఒక్కొక్కదానికి మళ్ళీ మొదట్నుంచి ఫోను, తీగ, కాపీ. తొమ్మిదిన్నర దాటింది. ఒకాయన కాగితాల సంచి సర్ది, చెప్పులేసుకుని గడప దగ్గర నిలబడ్డాడు, బస్సుకు.

పదికి ఐదు నిమిషాలు ఉండగా మూడూ ఎక్కాయి. "పీకి, పది లెక్కపెట్టి మళ్ళీ గుచ్చండి. గుచ్చినాక ఏమీ ముట్టొద్దు, ఊరికే ఉండండి" అన్నాడు ఫోన్లో మనవాడు. గుచ్చాం. సీడీ బొమ్మ వచ్చింది. ఎవరూ మాట్లాడలేదు. బొమ్మ పోయింది. పాప ఎల్ఎస్‌యూఎస్‌బీ కొట్టి గట్టిగా చదివింది: "12, డీ ఫర్ ధర్మపురి, 1, 1001!"

గడప దగ్గర నిలబడ్డాయన చెప్పులు విప్పలేదు. ఆయన అనుభవస్తుడు.

మోడెం అయినంత మాత్రాన నెట్టు రాదు. లైనక్సు లోపల టీటీవై యూఎస్‌బీ 0, 1, 2 అని మూడు వాకిళ్ళు తెరుచుకున్నాయి. నెట్‌వర్కు మేనేజరు వాటిని తట్టి చూసుకోవడానికి అర నిమిషం పైనే పట్టింది. తర్వాత సిమ్ము కంపెనీ వాళ్ళ ఏపీఎన్ పేరు అడిగింది. పాప వాళ్ళ మామ ఇంకో కంపెనీది చెప్పాడు, కలవలేదు. సిమ్ము మార్చింది మరిచిపోయాడట. బీఎస్‌ఎన్‌ఎల్ సిమ్ము అది, దానికి "బీఎస్‌ఎన్‌ఎల్‌నెట్" అని ఇవ్వాలి. ఫోను నంబరు గడిలో స్టారు, 99, హ్యాషు. పది పన్నెండుకు పచ్చ దీపం నీలమైంది, ఆడడం మాని నిలకడగా వెలిగింది. చెప్పులు విప్పాడు. బస్సు పోయింది.

పదీ నలభైకి కరెంటు పోయింది.

లాప్‌టాపు బ్యాటరీ ముసలిది, ఇరవై నిమిషాలు నిలవడం గొప్ప. స్కాన్లన్నీ ఒకే మెయిల్లో పట్టవు, 25 ఎంబీ దాటితే తీసుకోదు. ఐదు మెయిళ్ళుగా విడగొట్టాం. అప్పటికి రెండు పోయాయి. స్క్రీను వెలుతురు అడుక్కు దించి, మిగిలినవన్నీ మూసేసి, చీకట్లో ఆ నీలం దీపాన్నే చూస్తూ కూర్చున్నాం. మూడోది ఎక్కింది. నాలుగోది సగంలో తెగింది. డాంగిలు ఎక్కువ కరెంటు లాగేటప్పుడు ఆ పక్క పోర్టు వదులై ఆడుతుందని అప్పుడు కనిపెట్టాం. ఇంకో పక్క గుచ్చి, మళ్ళీ ఆ సీడీ వేషం, మళ్ళీ ఆ ఎదురుచూపు.

నాలుగోది కూడా పోయినాక పాప ఆగింది. మిగిలిన ఫైళ్ళలో ఒకటి తెరిచింది. బ్యాటరీ తినేస్తుంది, ఎందుకు తెరుస్తావమ్మా అని మాలో ఒకరు కసిరారు. 27వ నంబరు. వాళ్ళ తమ్ముడి కాగితం. అడుగున వాళ్ళమ్మ వేలిముద్ర ఉంది. ఆ ఇంట్లో మొదట సంతకం నేర్చుకున్నది ఈ పాపే. స్కాన్ సరిగ్గా ఉందా లేదా అని చూసుకుని, ఏమీ అనకుండా మూసి, ఐదో మెయిల్లో చేర్చి నొక్కింది. కసిరినవారు ఆ తర్వాత చాలాసేపు నోరెత్తలేదు. ఎవరో రాయనక్కరలేదు, మాకు తెలుసు.

పదకొండూ ఐదుకు పోయినట్టు చూపించింది. పదకొండూ ఎనిమిదికి లాప్‌టాపు ఆగిపోయింది. పొద్దున ఏడు గంటలకు లాయరుగారు "ఐదూ వచ్చాయి, తెలుగు బాగా కనిపిస్తోంది" అని ఫోన్ చేశారు.

మా 43 పేర్ల వల్లనే ఏదో జరిగిందని మేము చెప్పుకోం. ఆ పని వెనక ఎన్నో ఊళ్ళవాళ్ళు ఉన్నారు. పాప తమ్ముడు మాత్రం ఆ ఏడు తెలుగు పరీక్ష తెలుగులోనే రాసి వచ్చాడు. 71 మార్కులు. అయ్యవారు "ఛందస్సులో పోగొట్టినాడు" అని వారం రోజులు సణిగారు. అయ్యవారు ఇప్పుడు లేరు.

ఇక ఆ నోటుబుక్కు కాగితం. మరుసటి రోజు పాప కూర్చుని, జరిగిందంతా తెలుగులో వరుసగా రాసి బీరువాలో పెట్టింది. ఇంకోసారి ఎవరికైనా కావాల్సి వస్తుందని. "ముందు 32 బిట్లా 64 బిట్లా చూసుకో" అని మొదట. "గుచ్చి ఊరికే ఉండు" అని పెద్ద అక్షరాల్లో, కింద రెండు గీతలు. పెన్ డ్రైవులో ఆ మూడు ఫైళ్ళు ఇంకా ఉన్నాయి.

ఆదివారం సున్నం పని ముగిసినాక ఊరికే ఉండలేక ఆ డాంగిలును ఇప్పటి లైనక్సు లాప్‌టాపు ఒకదానికి గుచ్చి చూశాం. మోడ్‌స్విచ్ దాంట్లో ముందే ఉంది. ఎవరూ ఏమీ చేయకుండానే 1001 అయి కూర్చుంది. సిమ్ము ఎప్పుడో చచ్చిపోయింది కాబట్టి నెట్టు రాలేదు, పచ్చ దీపం మాత్రం ఆడుతూనే ఉంది. కాగితానికి లామినేషను చేయిస్తున్నాం. బళ్ళారి, సోలాపురం, బరంపురం వైపు సంఘాలవాళ్ళ దగ్గర ఇట్లాంటి పాత కాగితాలు, పట్టీలు ఉంటే ఫోటో తీసి ఇక్కడ పెట్టండి. పాపా, నువ్వు ఇది చదువుతుంటే, మూడో ఫైలు పేరు కాగితం మీద నీళ్ళు పడి చెదిరిపోయింది. ఒకసారి చెప్పమ్మా, రాసుకుంటాం.