బందరు రోడ్డున తుపాకి కథ

బెజవాడ బందరు రోడ్డు అనగానే బట్టల కొట్లు, హోటళ్లు గుర్తుకు వస్తాయి గాని తుపాకులు గుర్తుకు రావు. కాని యీ రోడ్డున బందరు దాకా వున్న 70 కిలోమీటర్లలో, మనిషి తుపాకి పేల్చే వేగం యెలా పెరిగిందో తలుచుకుంటూ పోవచ్చు.

మొదటి మజిలీ పాత విక్టోరియా జూబిలీ మ్యూజియం. 1887లో పునాది పడిన యీ భవనానికి యిప్పుడు మన బాపు పేరు పెట్టారు. లోపల విగ్రహాలు, శాసనాలతో పాటు పాతకాలపు ఆయుధాలు వున్నాయి. పిల్లలను తీసుకువెళ్తే వాటి ముందునుంచి కదలరు సుమండీ! వెనకటి సిపాయి గొట్టం మూతిలో మందు పోసి, గుండు వేసి, కడ్డీతో దట్టించి పేల్చేవాడు. యెంత ఆరితేరినా నిమిషానికి మూడు గుళ్లు పేలిస్తే గొప్పే. వేగమంతా అతని చేతుల్లో వుండేది.

పామర్రు దగ్గర కూచిపూడి వైపు తిరిగిపోతే ఆ ప్రాంతంలోనే భట్లపెనుమర్రు, జాతీయపతాక రూపశిల్పి పింగళి వెంకయ్యగారి పుట్టినవూరు. ఆయన యువకుడుగా దక్షిణాఫ్రికాలో బోయరు యుద్ధానికి వెళ్లినవారు. 1899 నుంచి 1902 దాకా సాగిన ఆ యుద్ధంలో బోయర్ల చేతుల్లో జర్మనీ మౌజరు రైఫిళ్లు వుండేవి. అయిదు తూటాలను రేకుపట్టీకి గుచ్చి, వొక్క నొక్కుతో లోపలికి దింపేవారు. ఇంగ్లీషువాళ్లు మాత్రం వొక్కొక్క తూటానే వేలితో పెట్టుకోవాలి. దెబ్బతిని నేర్చుకున్నారు, యుద్ధం ముగిశాక తమ రైఫిళ్లనూ పట్టీతో నింపేలా మార్చుకున్నారు. అయినా ప్రతి గుండుకూ గడియను చేత్తో తీసి వేయక తప్పదు.

ఆ చేతిపని కూడా తప్పించిన వాటిలో మనవాళ్లెరిగినది సెల్ఫ్ లోడింగ్ రైఫిలు. బెంగాలులోని ఇషాపూరు కర్మాగారంలో తయారై, 1960 తర్వాత మూడు దశాబ్దాలకు పైగా మన సిపాయిల భుజాన వున్నది. పామర్రు కాఫీ హోటల్లో కలిసిన వొక రిటైర్డు హవల్దారుగారు దాని గుట్టు చెప్పారు.

"రైసుమిల్లులో ఆయిలింజను చూశారా బాబూ? అందులో పిస్టను వుందిగా, మా రైఫిల్లోనూ వొకటి వుంది" అన్నారు.

తూటా పేలగానే పుట్టిన వాయువు గుండును ముందుకు తోస్తుంది. గొట్టంలో చిన్న రంధ్రం వుంది. గుండు దాన్ని దాటగానే వాయువులో కాస్త ఆ రంధ్రంలోకి మళ్లి, పిస్టనును వెనక్కు గుద్దుతుంది. ఆ దెబ్బకు బోల్టు గడియ వూడి, వెనక్కు పోతూ కాలిన డొల్లను లాగి బయట పారేస్తుంది. వెంటనే స్ప్రింగు నెట్టగా ముందుకు వస్తూ, మాగజైనులోని కొత్త తూటాను గొట్టంలో కూర్చి మళ్లీ గడియ పడుతుంది. రెప్పపాటులో జరిగిపోయే పని యిది.

"మీట నొక్కి పట్టుకుంటే దడదడా పేలుతుందాండీ?" అని అడిగాను.

"పేలదు. సుత్తిని వొక కొక్కెం పట్టి ఆపుతుంది. వేలు వదిలి మళ్లీ నొక్కితేనే రెండోది."

మాగజైనులో 20 తూటాలు. అలవాటుపడ్డ వేలికి అరనిమిషం చాలు. అయితే అలా తొందరపెడితే రైఫిలు యేమవుతుందన్నది నాకు అసలు కథ అనిపించింది. ప్రతి దెబ్బకూ మూతి పైకి లేస్తుంది. అది దిగి గురి కుదిరే లోపల మళ్లీ నొక్కితే తూటా దండగ. గొట్టం కాలుతుంది. రోహిణికార్తెలో తారురోడ్డు మీద గాలి వణికినట్టు దాని మీద గాలి వణికి, గురిబిళ్ల కళ్లముందు ఆడుతుంది. మసి పేరుకుని పిస్టను మందగిస్తే బోల్టు పూర్తిగా వెనక్కు పోదు. డొల్ల సగంలో యిరుక్కుంటుంది. అందుకే పిస్టనుకు అందే వాయువును హెచ్చించడానికి వొక మర కూడా పెట్టారు.

"అన్నిటికన్నా భయం యేమిటంటే, బాగా కాలిన గొట్టంలో తూటాను వుంచేస్తే యెవరూ మీట నొక్కకుండానే పేలవచ్చు. అందుకని మూతి గురి వైపే వుంచి, తూటా తీసేసి, బోల్టు తెరిచి చల్లారనివ్వాలి" అని హవల్దారుగారు గ్లాసు కింద పెట్టారు. వెనకటి తుపాకికి మనిషి చేతులు హద్దయితే, దీనికి వేడీ మసీ హద్దన్నమాట.

రోడ్డు చివర బందరు. సముద్రపు గాలి తగిలే కోటలో ఆయుధాగారపు శిథిలాలు వున్నాయి. 1759లో ఫ్రెంచివారి చేతిలో వున్న యీ కోటను కల్నల్ ఫోర్డు ముట్టడించాడు. రోజుల తరబడి తోపులు పేల్చగా, చివరకు రెండు రోజులకు సరిపడే మందే మిగిలింది. అప్పుడు తోపులను నమ్ముకోవడం మాని, ఏప్రిల్ 7 రాత్రి చీకట్లో సైన్యాన్ని నడిపించాడు. వొక దండు చిత్తడి నేల మీదుగా వచ్చింది. తెల్లవారేసరికి కోట అతనిది.