కోరంగి రేవు ఎక్కడుంది?

పాత ఉద్యోగంలో నా ఆఖరి రోజు డిసెంబరు 12. కొత్తదాంట్లో చేరాల్సింది జనవరి మొదటి సోమవారం. మధ్యలో మూడు వారాలు ఖాళీ. పెళ్ళయి రెండున్నరేళ్ళయినా మా ఇద్దరికీ ఒకేసారి వారం రోజులు సెలవు దొరకడం ఇదే మొదటిసారి.

మా ఆయనకి రాజమండ్రిలో బ్యాంకు ఉద్యోగం. వరస కుదిరి చేసుకున్నాం కాబట్టి పెళ్ళికి ముందూ బావే, తరవాతా బావే. నేను సాఫ్ట్‌వేర్. నాలుగేళ్ళుగా ఇంట్లో కూర్చునే పని చేశాను. ఆదివారం వస్తే బండేసుకుని మురమళ్ళలో మా అమ్మానాన్నల దగ్గరికి వెళ్ళిపోయేవాళ్ళం. ఈ కొత్త ఉద్యోగం మాత్రం బెంగుళూరులో. వారానికి మూడు రోజులు ఆఫీసుకి రావాల్సిందే. బావ బదిలీకి పెట్టుకుంటానన్నాడు గానీ, అది ఆరు నెలలకొస్తుందో రెండేళ్ళకొస్తుందో వాళ్ళ మేనేజరుకే తెలీదు. జీతం బాగా ఎక్కువ. పని కూడా నేను నేర్చుకోవాలనుకున్నదే. సంతకం పెట్టి పంపేశాను. నాన్నకి మాత్రం 'కొత్త ఉద్యోగం వచ్చింది' అన్నానే తప్ప, బెంగుళూరు అన్న ముక్క చెప్పలేదు. ఆయనకి కిందటేడు గుండెకి స్టెంటు వేశారు. చెప్పడానికి మంచి రోజు చూద్దామనుకుంటూ వాయిదా వేస్తూ వచ్చాను.

ఎక్కడికెళ్దాం అంటే మారిషస్ అన్నాడు బావ. ముందుగా వీసా తీసుకునే తిప్పలు లేవు, అదీ కారణం. బ్యాంకువాళ్ళకి సెలవు ప్రయాణానికి డబ్బులిస్తారు గానీ దేశం దాటితే రావట, ఆ బాధ దారి పొడుగునా పడ్డాడు. మా అమ్మ రెండు స్వెట్టర్లూ, కాకినాడ కాజాల పెట్టె ఒకటీ సర్దింది. "డిసెంబరు కదమ్మా, సముద్రం మీద చలి" అంది. మధురపూడి నుంచి ముంబయి, అక్కణ్ణుంచి ఆరుగంటల పైచిలుకు. దిగేసరికి వేసవి. భూమధ్యరేఖకి ఆవల కదా, ఇంజనీరింగు చదివిన నాకు గుర్తుండాల్సిన విషయమే. స్వెట్టర్లు సూట్‌కేసు అడుగునే ఉండిపోయాయి.

రోడ్డు పక్కన తురాయి చెట్లు ఎర్రగా విరగబూసి ఉన్నాయి. మనకి మే నెలలో, పరీక్షలైపోయాక కనపడే పువ్వు. దాన్ని క్రిస్మస్ దీపాల పక్కన చూస్తే కాసేపు ఏ నెలో అర్థం కాలేదు. కార్లు మనలాగే ఎడం పక్కన. రోడ్డుకి అటూ ఇటూ చెరకు. కొన్ని చేల మధ్య నల్లటి రాళ్ళు గుట్టలుగా, మెట్లు మెట్లుగా పేర్చి ఉన్నాయి. గుడి తాలూకు శిథిలాలేమో అనుకున్నా.

మొదటి నాలుగు రోజులూ అందరూ చేసేవే చేశాం. మోకాలి లోతు నీళ్ళలో పగడపు దిబ్బలు చూశాం, ఛామరెల్‌లో రంగురంగుల మట్టి చూశాం, గంగా తలావ్ దగ్గర 108 అడుగుల శివుడికి దణ్ణం పెట్టుకున్నాం. ఫొటోలన్నీ మా అత్తగారి వాట్సాప్ స్టేటస్‌లో ఉన్నాయి, ఇక్కడ మళ్ళీ ఎందుకు. తిండి గురించి మాత్రం ఒక్క ముక్క. 'గాతో పిమాఁ' అని బజార్లో కాగితంలో చుట్టిస్తారు. ఫ్రెంచి పేరు చూసి బావ భయపడ్డాడు. కొరికితే, పప్పు కచ్చాపచ్చాగా రుబ్బి పచ్చిమిర్చేసిన మన మసాలా వడ!

అయిదో రోజు పోర్ట్ లూయీ వెళ్ళడానికి టాక్సీ మాట్లాడుకున్నాం. డ్రైవరుగారికి అరవై దాటి ఉంటాయి. తెల్లజుట్టు, నుదుటన చిన్న కుంకుమబొట్టు. మేం వెనక సీట్లో తెలుగులో బెంగుళూరు అద్దెల గురించి వాదించుకుంటున్నాం. ఆయన అద్దంలోంచి చూసి, "తెలుగూ?" అన్నారు. ఔనన్నాం. "నేనూ తెలుగూ" అని గుండె మీద చెయ్యేసుకున్నారు. ఆ తరవాత మాటంతా ఇంగ్లీషూ, క్రియోలూ, మధ్యలో నాలుగు తెలుగు ముక్కలూ. ఆ నాలుగూ ఏమిటంటే అమ్మోరు, గోవింద, రామభజన, అప్పన్న. ఇంట్లో క్రియోలే మాట్లాడతారట. తెలుగు దేవుడి దగ్గరే మిగిలింది. కానీ 'అమ్మవారు' అనలేదు చూడండి, అచ్చం మా నాయనమ్మలాగే 'అమ్మోరు' అన్నారు. అమ్మోరు పండగ, సింహాద్రి అప్పన్న పూజ అక్కడి తెలుగువాళ్ళు ఇప్పటికీ చేస్తారు. ఉగాది ప్రభుత్వ సెలవు. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగింది ఆ దేశంలోనే.

"మీదే ఊరు?" అని అడిగారు. గోదావరి, రాజమండ్రి, కాకినాడ అని మూడూ చెప్పాను, ఏదో ఒకటి తగలకపోతుందా అని. కారు నెమ్మదించింది. "కోరింగా తెలుసా? మా పెద్దవాళ్ళు అక్కణ్ణుంచి వచ్చారని మా తాత చెప్పేవాడు. అది ఊరో, రేవో, ఓడ పేరో మాకు తెలీదు. అది ఎక్కడుంది?"

నేను గతుక్కుమన్నాను. కోరంగి నాకు తెలియకపోవడమేమిటి? ఇంజనీరింగు నాలుగేళ్ళూ కాకినాడకి రోజూ బస్సులో వెళ్ళాను. మురమళ్ళలో ఎక్కితే ఎదుర్లంక వంతెన, గోదావరి దాటగానే యానాం, తరవాత తాళ్ళరేవు, కోరంగి. కోరంగి వచ్చేసరికి నేను నిద్రపోతుండేదాన్ని. దిగిన పాపాన పోలేదు. అక్కడ మడ అడవి ఉందని తెలుసు, బోటు షికారు ఉందని తెలుసు. రేవు సంగతి మాత్రం ఎక్కడో చదివినట్టు గుర్తు, అంతే.

"ఊరు ఉంది. రేవు లేదు. పూడిపోయింది" అన్నాను.

"ఓడలు రావా?"

"రావు. ఇప్పుడు అడవి ఉంది. నీళ్ళలో పెరిగే చెట్లు."

ఆయన కాసేపు మాట్లాడలేదు. తరవాత చేలో రాళ్ళగుట్టలు చూపించి, గుడి కాదూ ఏమీ కాదూ, చెరకు వెయ్యడానికి కూలీలు భూమిలోంచి ఏరి పోసిన రాళ్ళు అని చెప్పారు. మళ్ళీ వాటి వైపు చూసి ఫొటో తియ్యబోయి ఫోను దించేశాను.

పోర్ట్ లూయీలో ఆప్రవాసీ ఘాట్ అని ఒకటుంది. 2006లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చారు. చూడ్డానికి పెద్దగా ఏమీ ఉండదు. రేవు పక్కన రాతి గోడలు, కొన్ని గదుల పునాదులు, పదహారు రాతి మెట్లు. ఓడ దిగిన వలస కూలీలు ఆ మెట్లెక్కి దేశంలో అడుగుపెట్టేవారు. బ్రిటిషువాళ్ళు బానిసత్వం రద్దు చేశాక తోటల్లో పనికి మనుషులు కావలసొచ్చింది. 1834 నవంబరు 2న 'అట్లాస్' అనే ఓడలో 36 మంది కలకత్తా నుంచి దిగారు. ఆ తరవాత దాదాపు నాలుగున్నర లక్షల మంది. ఇప్పుడు నవంబరు 2 అక్కడ సెలవు రోజు. మన తెలుగువాళ్ళ విషయానికొస్తే, 1843లో 'కోరింగా పాకెట్' అనే ఓడ కోరంగి రేవు నుంచే మనుషుల్ని తీసుకెళ్ళింది. ఆ ఘాట్ దగ్గరి కట్టడం 1849లో మొదలైంది కాబట్టి ఆ ఓడవాళ్ళు ఈ మెట్లెక్కి ఉండరు. మొదట ఇవే మెట్లు అనుకుని నేను చెప్పులు విప్పి దణ్ణం పెట్టాను. బావ పక్కనున్న బోర్డు చదివి సరిదిద్దాడు. పెట్టిన దణ్ణం మాత్రం వెనక్కి తీసుకోలేదు.

మ్యూజియంలో నన్ను నిలబెట్టింది ఒప్పందాల సంగతి. మొదట్లో వచ్చినవాళ్ళకి అయిదేళ్ళ ఒప్పందం, మగవాళ్ళకి నెలకి అయిదు రూపాయల జీతం. గడువు తరవాత్తరవాత మారుతూ వచ్చింది. ఒక్కొక్కరికీ ఒక నంబరు. ఒకరోజు పనికి రాకపోతే రెండు రోజుల జీతం కోత, దాని పేరే 'డబుల్ కట్'. మనం 'లాస్ ఆఫ్ పే' అంటే గింజుకుంటాం!

"నాదీ ఇంతే కదా బావా" అన్నాను నవ్వుతూ. "రెండేళ్ళలోపు మానేస్తే జాయినింగ్ బోనస్ కక్కాలి. నాకూ ఒక నంబరిస్తారు."

బావ నవ్వలేదు. "సిగ్గు లేకపోతే సరి. నువ్వు ఏసీలో కూర్చుంటావు. నచ్చకపోతే రాత్రి రైలెక్కి పొద్దున్నకి ఇంట్లో ఉంటావు. వీళ్ళతో నీకు పోలికా?"

నిజమే. ఆ పోలిక నోట్లోంచి వచ్చినందుకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంది. కానీ ఆ మాట మీద మేం ఇద్దరం రేవు గట్టు మీద కూర్చుని గంట మాట్లాడుకున్నాం. రెండు నెలల్లో అప్పటిదాకా మాట్లాడుకోనిది. బావ అన్నాడు, "నువ్వెళ్ళడం నాకిష్టం లేదని కాదు. సంతకం పెట్టేశాక చెప్పావు, అదీ నా బాధ." నేను పెట్టింది మధ్యాహ్నం, చెప్పింది రాత్రి. ఆ ఆరు గంటల మీద ఇంత కథ నడుస్తోందని నాకు తెలీదు. "మామయ్యకి కూడా అలాగే చేస్తున్నావు" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు.

ఆ రాత్రి హోటల్లో ఒక లెక్క వేసుకున్నాను. నందన కరువు, అదే డొక్కల కరువు, 1832-33లో. కోరంగి మీద పెద్ద తుపాను 1839లో. ఓడ వెళ్ళింది 1843లో. ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలైంది 1847లో, పూర్తయింది 1852లో. అంటే వాళ్ళు ఓడెక్కేనాటికి గోదావరి ఉంది, కాలవల్లేవు. మా నాన్న వరి చేలు, మా పెరట్లో కొబ్బరి, 'కోనసీమ' అనగానే అందరికీ కళ్ళముందు కనపడే ఆ పచ్చదనంలో చాలా భాగం వాళ్ళు వెళ్ళిపోయాక వచ్చిందే. మన ప్రాంతం ఎప్పుడూ అన్నం పెట్టేదే, మనం సరదాకో పై చదువుకో బయటికెళ్తాం అనుకునేదాన్ని. ఇంకో పదేళ్ళు ఆగి ఉంటే వాళ్ళకీ ఇక్కడే పని దొరికేదేమో. ఆగడానికి తిండుండాలిగా.

చివరి రోజు ఎయిర్‌పోర్టుకి కూడా ఆ డ్రైవరుగారినే పిలిచాం. కాజాల పెట్టె ఆయన చేతిలో పెట్టాను. ఒకటి కొరికి, పాకం వేలి మీద కారుతుంటే పిల్లాడిలా నాకేశారు. తుపాన్ల గురించి మాట్లాడుకున్నాం. 1960లో వచ్చిన కెరోల్ తుపానుని వాళ్ళమ్మ చివరిదాకా తలుచుకునేదట. మా ఇంట్లో 1996 నవంబరు తుపానూ అంతే. నేను అప్పటికి పుట్టలేదు గానీ, ఏ కొబ్బరిచెట్టు ఎటు పడిందో నాన్న ఇప్పటికీ చెప్తాడు. దిగేటప్పుడు ఆయన ఒక్కటే అడిగారు. "ఆ కోరింగా వీడియో తీసి పంపుతారా? అడవైనా పర్వాలేదు."

ఇంటికొచ్చిన రెండో రోజు మురమళ్ళ వెళ్ళాం. నాన్నకి అరుగు మీదే చెప్పేశాను. బెంగుళూరు అని, బావ వెంటనే రావట్లేదని, రెండేళ్ళని. నాన్న కళ్ళజోడు తీసి పంచె కొంగుతో తుడుచుకున్నాడు. "మరి ఈ సంగతి నెల్రోజుల్నించీ దాచావా అమ్మాయ్?" అన్నాడు. అంతకన్నా ఏమీ అనలేదు. కాసేపాగి, "ఆదివారాలు సెలవేనా?" అనడిగాడు. సెలవే అన్నాను. "అయితే నెలకోసారైనా వస్తావు" అని తనే తేల్చేసి, కొబ్బరికాయలు దింపే మనిషి కోసం వీధిలోకి వెళ్ళిపోయాడు. అమ్మ వంటింట్లోంచి గట్టిగా ముక్కు చీదిన చప్పుడు.

తిరుగుదారిలో యానాం మీదుగా కోరంగి వెళ్ళాం. ఇన్నేళ్ళకి అక్కడ దిగాను. టికెట్టు తీసుకుని చెక్క వంతెన మీద మడ చెట్ల మధ్యకి నడిచాం. ఆటుపోటు తీసిన వేళ. బురదలోంచి వేళ్ళు సూదుల్లా పైకి పొడుచుకొచ్చి ఉన్నాయి, చెట్లు ఊపిరి పీల్చుకునేది వాటితోనే. బురదలో ఎర్రటి పీతలు. ఈ బురదంతా గోదావరి తెచ్చి పోసినదే, ఓడల్ని ఇక్కణ్ణుంచి తరిమింది ఇదే. నీటిపిల్లులు ఉంటాయంటారు, మాకైతే కనపడలేదు. పిక్నిక్కి వచ్చిన కాలేజీ పిల్లల గోలే ఎక్కువగా ఉంది. కాలవ ఒడ్డున వీడియో తీశాను. బావ వెనకనుంచి "కొంచెం నెమ్మదిగా తిప్పు, ఆయన చూసుకోవాలి కదా" అంటూనే ఉన్నాడు. ఆ మాటా అందులో రికార్డయింది. చెరపలేదు, అలాగే పంపేశాను.

శనివారం సాయంత్రం రాజమండ్రిలో శేషాద్రి ఎక్కాను. రెండు సూట్‌కేసులు, ఒక ఆవకాయ డబ్బా, ఈసారి నిజంగానే పనికొచ్చే స్వెట్టర్లు. రైలు గోదావరి దాటుతుంటే పక్క సీటు పెద్దావిడ కిటికీలోంచి రూపాయి వేసి నన్నూ వెయ్యమంది. పర్సు వెతికితే మారిషస్ రూపాయొకటి చేతికొచ్చింది. అదే వేశాను.

నిడదవోలు దాటాక ఫోను మోగింది. డ్రైవరుగారు. వీడియో ఇంటిల్లిపాదీ చూశారట, మనవరాలు పీతల్ని చూసి నవ్విందట. వాళ్ళావిడ ఒకటి అడగమంది అని రాశారు. 'ఓడలు రావంటున్నారు కదా, మరి మీరు పనికి దేంట్లో వెళ్తున్నారు?'

నా పై బెర్తు ఫొటో తీసి పంపించాను.