తర్లుపాడు మట్టి: ఎండితే ఒక లెక్క, తడిస్తే ఒక లెక్క

తర్లుపాడు మెట్ట చేలల్లో ఎర్రమట్టి మందం చాలాచోట్ల తక్కువే. పార కాస్త లోతుకు దిగితే పలకరాతి పెళ్లలు తగులుతాయి. పక్కనున్న మార్కాపురానికి పేరు తెచ్చిన రాయి ఇది. కంది కోత అయిపోయి, తొలకరి ఇంకా పడని ఇలాంటి చేలల్లోనే భూసార పరీక్షకు మట్టి తీస్తారు. నేను చూడవచ్చింది ఆ తీసే తీరునే. చెత్త పక్కకు నెట్టి, ‘వి’ ఆకారంలో 15 సెంటీమీటర్ల లోతు గుంత తవ్వి, దాని గోడను పైనుంచి కిందిదాకా పలచగా చెక్కి ఆ మట్టిని తట్టలో వేస్తారు. చేలో అక్కడా ఇక్కడా ఇలా తీసిందంతా కుప్పపోసి, నాలుగు భాగాలుగా గీసి, ఎదురెదురు రెండు భాగాలు పారబోస్తారు. అరకిలో మిగిలేదాకా ఇదే పని. ఆపైన నీడన ఆరబెట్టడం. నా పేచీ అంతా ఈ ఆఖరి పనితోనే.

2015లో మొదలైన భూసార కార్డులో సేంద్రియ కర్బనానికి ఒక గడి ఉంది. 1934లో వాక్లీ, బ్లాక్ చెప్పిన డైక్రోమేట్ పద్ధతితో కొలిచి, అర శాతం లోపుంటే ‘తక్కువ’ అని రాస్తారు. మట్టిలో కర్బనం ఎంతుందో అది చెబుతుంది గానీ, సూక్ష్మజీవులకు అందేదెంతో చెప్పదు. అందాలంటే కర్బనం నీళ్లలో కరగాలి, అణువు చిన్నదిగానూ ఉండాలి. సుమారు 600 డాల్టన్లు మించిన అణువు బాక్టీరియా పొర దాటి నేరుగా లోపలికి పోలేదు. ఎంజైములు బయటే దాన్ని ముక్కలు చేయాలి. (డాల్టనంటే ఇంచుమించు ఒక హైడ్రోజన్ పరమాణువు బరువు.) ప్రకృతి సేద్యంలో పోసే జీవామృతాన్నే తీసుకోండి: 200 లీటర్ల నీళ్లలో పది కిలోల పేడ, మూత్రం, బెల్లం, పప్పు పిండి, గట్టు మీది గుప్పెడు మట్టి. మూత్రంలోని యూరియా అణువు 60 డాల్టన్లు, బెల్లంలోని చక్కెర 342. శనగపిండి ప్రొటీన్లలో కొన్ని మూడు లక్షల పైచిలుకే. ఒకే డ్రమ్ములో నానినా వీటి గతి ఒకటి కాదు. చక్కెర గంటల్లో, మహా అయితే రోజుల్లో ఖర్చయిపోతుంది. ప్రొటీన్ విరిగితే గానీ పనికి రాదు. పేడలోని ముదురురంగు పెద్ద అణువుల్లో చాలావాటిని ఎర్రమట్టిలోని ఇనుప ఆక్సైడ్లు పట్టి ఉంచుతాయి. కార్డు మీది శాతం వీటన్నిటినీ ఒకే అంకెలో కలిపేస్తుంది.

ఈ అణువుల సైజు కొలవడానికి మట్టిని నీళ్లలో ఊపి, 0.45 మైక్రాన్ల వడపోత దాటించి, దిగిన ద్రవాన్ని సన్న రంధ్రాల గింజలు నింపిన గొట్టంలోకి పంపుతారు. పెద్ద అణువులు రంధ్రాల్లో దూరలేక ముందే బయటికొస్తాయి, చిన్నవి దూరి తిరిగి ఆలస్యంగా వస్తాయి. సైజు తెలిసిన పాలిమర్లతో పోల్చి చదివే అంకె కాబట్టి, ద్రావణంలో ఉప్పు మారినా అంకె మారుతుంది. పైగా ఒకప్పుడు మహా అణువులనుకున్న హ్యూమిక్ పదార్థాలు చిన్న అణువుల గుంపులేనన్న వాదం ఇప్పుడు బలపడింది. అలాంటప్పుడు ఈ కొలత దేనికని అడిగేవాళ్లున్నారు. దాన్ని అణువు బరువుగా చదివితే దండగే. ఒకే పద్ధతిలో, ఒకే ఉప్పులో కొలిచి రెండు చేలను పోల్చుకుంటే మాత్రం పనికొస్తుంది.

ఆ పోలికకు ఆరబెట్టడమే గండి కొడుతోంది. ఎండిన మట్టి మళ్లీ తడిసినప్పుడు సూక్ష్మజీవుల కణాల్లోంచి చిన్న అణువులు ఒక్కసారిగా బయటపడతాయి, మట్టి శ్వాస ఉవ్వెత్తున లేస్తుంది. 1958లో బర్చ్ రాసిన పరిశోధనతో ఈ పొంగుకు ఆయన పేరే నిలిచింది. ఆరిన నమూనాకు ల్యాబ్‌లో నీళ్లు పోయడమంటే తొలకరిని సీసాలో కురిపించినట్టే. ఏడాదిలో ఎక్కువ నెలలు ఎండే నేలకు అదే సరైన కొలత కదా అనొచ్చు. మొదటి వాన వరకు ఒప్పుకోవాల్సిందే. పైరు మేసేది మాత్రం ఆ తర్వాతి తడి వారాల్లో. కాబట్టి అదే చేలో వాన పడ్డ వారానికి మరో నమూనా తీసి, ఆరబెట్టకుండా, చల్లగా ఉంచి, వెంటనే వడకట్టాలి.

“సైజు తెలిస్తే దిగుబడి పెరుగుద్దా?” అంటే, దానంతట అదే పెరగదు. పోసిన ఎరువులో ఏది ఈ కారులోనే తీరిపోతోంది, ఏది నేలకు మిగులుతోంది అన్న ఆచూకీ మాత్రం దొరుకుతుంది. గొట్టాల యంత్రం ఖరీదైనదే. కానీ వడకట్టిన నీటిలోంచి అతినీలలోహిత కాంతి పంపి, 250, 365 నానోమీటర్ల దగ్గర ఎంత పీల్చుకుందో నిష్పత్తి కట్టినా సైజు ఉజ్జాయింపుగా తెలుస్తుంది. నిష్పత్తి తగ్గితే అణువులు పెద్దవని. తర్లుపాడు ఎర్రమట్టికి ఇందులోనూ ఒక చిక్కుంది: కరిగిన ఇనుము కూడా ఆ కాంతిని పీలుస్తుంది. దాన్ని విడిగా కొలిచి తీసేయకపోతే, లేని పెద్ద అణువులు ఉన్నట్టు కనిపిస్తాయి.